వెనక సీట్లో ఉప్పు బస్తాలు

పద్నాలుగేళ్లు ఎగిరాను.
ఒక్కసారీ ముందుకు చూడలేదు.
సరుకు విమానం కడుపులో
గోడకి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి,
తూకాలు వేసుకుంటూ, గొలుసులు బిగించుకుంటూ.
వెనక తలుపు తెరుచుకున్నాకే తెలిసేది
ఏ దేశంలో దిగామో,
వేడిని బట్టి, దుమ్ము రంగును బట్టి.

ఇప్పుడు కాన్సస్‌లో, హచిన్సన్‌లో ఉన్నాను.
అర మైలు పొడవు గోధుమ గాదెలు కనిపించే మైదానంలో
ఎండకి నిలబడి ఉంది నా సొంత విమానం.
డెబ్భై నాలుగు నాటి సెనెకా. రెండు ఇంజిన్లు.
పళ్ల డాక్టరొకాయన పోతే ఆయన భార్య అమ్మింది.
సీటు జేబులో ఇంకా ఆయన పిప్పరమెంట్ల డబ్బా.
"చూడు, పళ్ల డాక్టరై ఉండి చాటుగా తినేవాడు" అని నవ్వింది.
తాళాలు నా చేతిలో పెట్టి
కాసేపు వదల్లేదు.

నేర్పేది లొరీన్ హాస్కెట్.
డెబ్భై దాటింది. ముప్పై ఏళ్లు
చేల మీద తక్కువ ఎత్తులో మందు చల్లిన మనిషి.
"సైన్యంలో ఏం చేశావు?"
"బరువులు చూసుకున్నాను."
"ఇక్కడా అదే పని. కాకపోతే నువ్వూ ఒక బరువే."
ఇంకో మాట కూడా చెప్పింది:
"ఒకటే ఇంజినుంటే, ఆగిపోతే దిగుతావు.
రెండుంటే, ఒకటి ఆగినప్పుడు
దిగాలా వద్దా అని ఆలోచిస్తావు.
నేనెరిగినవాళ్లని కొందరిని ఆ ఆలోచనే తినేసింది."

నాలుగు వేల అడుగుల మీద
చెప్పాపెట్టకుండా ఎడమ ఇంజిన్ గొంతు నొక్కింది.
ముక్కు ఎడమకి తిరిగిపోయింది,
అటునించి ఎవరో పిలిచినట్టు.
నా కాళ్లు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.
"తొక్కు! కుడి తొక్కు!
ఏ కాలికి పని లేదో ఆ పక్కదే చచ్చిన ఇంజిన్!"
తొడ వణికేదాకా తొక్కాను.
ఏది పోయిందో తేల్చు.
నిజంగా పోయిందో లేదో మళ్లీ చూడు.
అప్పుడు దాని రెక్కల్ని గాలికి అడ్డు లేకుండా ఒదిగించు.
సూది నీలిగీత దిగకుండా కాపలా కాయి.
భయమేస్తే నాకు తెలుగే వస్తుంది.
ఇది పోయింది, ఇది ఉంది.
ఇది పోయింది, ఇది ఉంది.
"ఏంటి గొణుగుతున్నావు?"
"చెక్‌లిస్టు" అన్నాను.

అంతా కుదుటపడ్డాక, ఆ ఒంటి ఇంజిన్ మోతలో,
నాకు తెలీకుండానే తల వెనక్కి తిరిగింది.
లొరీన్ చూసింది.
రెండోసారి తిరిగినప్పుడు అడిగింది:
"వెనక ఏముంది?"
నాలుగు ఖాళీ సీట్లు. వేలాడే బెల్టులు.
"ఏమీ లేదు."

ఏం చెప్పను?
ఒక రాత్రి, పదకొండు గంటల దారి,
జెండాలు కప్పిన పెట్టెలు తొమ్మిది.
ఒక్కోదానికి నాలుగు పట్టీలు.
ముప్పై ఆరూ అరగంటకోసారి చేత్తో తడిమాను.
కదిలే సరుకు కాదు.
అయినా తడిమాను.

దిగాక ఇంజిన్లు చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి.
లొరీన్ రెక్క మీద కాఫీ కప్పు పెట్టి
రసీదు వెనక లెక్క వేసింది.
"ముందు ఇద్దరమే కూర్చుంటే దీనికి ముక్కు బరువెక్కువ.
నేల దగ్గర అందుకే అంత తంటా పడ్డావు.
వెనక ఏదైనా పెట్టు. నీకు నేను చెప్పాలా."

ఈ ఊరి కిందంతా ఉప్పు గనులు.
నలభై పౌండ్ల ఉప్పు బస్తాలు రెండు కొన్నాను,
ఇళ్లల్లో నీళ్లు మెత్తబడ్డానికి వేసే రకం.
"మీ నీళ్లు అంత చెడ్డవా?" అంది కౌంటర్‌లో పిల్ల.
"కాదు, విమానానికి ముక్కు బరువు."
చిల్లర ఇచ్చేసింది.

సీట్లలో పెట్టి కట్టాను.
ఒక్కోదానికి రెండు పట్టీలు చాలు.
నాలుగేశాను.

రేపు పొద్దున్న ఆరున్నరకి, దక్షిణం గాలి.
ఈసారి ఎడమదా కుడిదా, ఆవిడ చెప్పదు.
వెనక్కి చూస్తే చూస్తాను,
చూసుకోవడానికి సరుకుంది కదా.

డాక్టరుగారి డబ్బాలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను.
ఎన్నేళ్లదో, మెత్తబడిపోయింది.
ఘాటు మాత్రం ఉంది.